బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

"మన జైళ్లు ఎందుకింత కిక్కిరిసిపోతున్నాయి? కొత్తవి కడితే సరిపోదా?" అని అడిగారు. సరిపోదు. 2022 చివరికి దేశం మొత్తమ్మీద ఖైదీలు 5,73,220 మంది. అందులో 4,34,302 మందికి ఇంకా శిక్షే పడలేదు, విచారణ ఖైదీలు. మనిషిని లోపలికి పంపడం మన సర్కారుకు ఒక్క రాత్రి పని. బయటికి పంపాలంటేనే చేతులు పడిపోతాయి.

జడ్జి బెయిల్ ఇవ్వగానే గేటు తెరుచుకోదు. సాధారణంగా ఇద్దరు ష్యూరిటీలు, అంటే పూచీ పడేవాళ్లు కావాలి. వాళ్ల ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రసీదు లేదా పట్టాదారు పాసుపుస్తకం తేవాలి. కొన్ని కోర్టులు తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ (ఆస్తి స్తోమత పత్రం) కూడా అడుగుతాయి, ఆ ఆఫీసు చుట్టూ తిరగడం వేరే శిక్ష. ఇవన్నీ సరిచూశాక రిలీజ్ ఆర్డర్ జైలుకు వెళ్తుంది. అందులో తండ్రి పేరో క్రైమ్ నంబరో తేడా ఉంటే మళ్లీ వెనక్కి. సాయంత్రం లాకప్ అయ్యాక చేరితే మర్నాటి మాటే. ఇంకో కేసులో పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాణ్ణి కోర్టుకు తెమ్మనే ఉత్తర్వు) పడి ఉంటే ఈ బెయిల్‌తో బయటికి రాలేరు.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రికి సుప్రీంకోర్టే బెయిల్ ఇచ్చింది. కింద మేజిస్ట్రేట్ పదివేల రూపాయల పూచీ అడిగి, సోదరుడు ముందుకొస్తే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. మళ్లీ సుప్రీంకోర్టుకే పోవాల్సి వచ్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. మన ప్రాంతంవాడు బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారు. 2021లో ఆగ్రాలో బెయిలొచ్చినా ఖైదీల్ని వదలకపోతే, మన ఎన్.వి. రమణ గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, ఆర్డర్ల కోసం ఇంకా పావురాల వైపు చూస్తున్నామా అన్నారు. ఆ తర్వాతే 2022లో సుప్రీంకోర్టు ఆర్డర్లు ఆన్‌లైన్‌లో జైలుకు పంపే 'ఫాస్టర్' వచ్చింది. కాగితం వేగంగా వెళ్తోంది సరే, ష్యూరిటీని ఏ సాఫ్ట్‌వేర్ తెస్తుంది?

మీవాళ్లెవరైనా లోపల ఉంటే ముందు తేదీలు లెక్కపెట్టండి. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే డిఫాల్ట్ బెయిల్ హక్కు. అయితే చార్జిషీటు పడేలోపే పిటిషన్ వేయాలి, ఒక్కరోజు ఆలస్యమైనా చేజారుతుంది. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 479 ప్రకారం, ఇదివరకు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లైతే గరిష్ఠ శిక్షలో మూడో వంతు, కాకపోతే సగం గడిస్తే విడుదల అడగొచ్చు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా అడ్డమే, నా దృష్టిలో చట్టంలో అతి పెద్ద చిల్లు ఇదే. దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే, కానీ ఆయన లెక్క మీద ఆధారపడకండి.

బెయిలొచ్చి 7 రోజులైనా వదలకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది. నెలైనా పూచీ కట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడొచ్చు. డబ్బే అడ్డమైతే కేంద్రం పేద ఖైదీల పథకంలో సాయం ఇస్తారు, గంజాయి లాంటి మత్తుపదార్థాల (ఎన్‌డీపీఎస్) కేసులకు మాత్రం ఇవ్వరు. ఇవేవీ వాటంతటవి జరగవు. ఎనిమిదో రోజు పొద్దున్నే ఆర్డర్ కాపీతో ఆ సంస్థ ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.