అందర్నీ కూర్చోబెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి గుణుపూర్ నుంచి అత్త ఆశీస్సులు.

రాయగడలో జిల్లా ప్రణాళిక పనిలో చేరావని, సుస్థిర అభివృద్ధి లక్ష్యాల మీద అన్ని వర్గాలవాళ్లనీ పిలిచి సభ పెట్టే బాధ్యత నీ మీద పడిందని మీ అమ్మ చెప్పింది. హాలు గురించీ భోజనాల గురించీ కంగారు పడుతున్నావట. అవి ఎవరో ఒకరు చూసుకుంటార్రా. సభ నాడు నీ చేతిలో ఉండేది తక్కువ. అసలు పని అంతకుముందూ, ఆ తర్వాతా ఉంటుంది.

ముందు ఎవరి మాటకి చట్టంలో ఎంత బలముందో తెలుసుకో. రాయగడ జిల్లా మొత్తం ఐదో షెడ్యూలు ప్రాంతం, అంటే రాజ్యాంగం గిరిజనుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం. అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో తెచ్చిన పెసా చట్టం ప్రకారం పంచాయతీ ఏ ప్రణాళిక మొదలుపెట్టాలన్నా ముందు గ్రామసభ ఒప్పుకోవాలి. జిల్లా ప్రణాళిక కమిటీలో కనీసం ఐదింట నాలుగు వంతుల మంది జిల్లా పరిషత్తులో, మున్సిపాలిటీల్లో గెలిచినవాళ్లలోంచే ఎన్నికవ్వాలని రాజ్యాంగమే చెప్పింది. సర్పంచులూ వార్డు మెంబర్లూ ఆ సభకి చుట్టాలు కారు, హక్కుదారులు. వాళ్లని వెనక వరసలో కూర్చోబెట్టి ఆఫీసర్లకి శాలువాలు కప్పే సభ అయితే నన్ను పిలవకు.

కలిసి పనిచేయడమంటే ఏమిటో మన జిల్లాలోనే చూడొచ్చు, ఎక్కడికో వెళ్లక్కర్లేదు. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ ఏడు జిల్లాల్లో, 30 బ్లాకుల్లో మొదలైంది. రాయగడ, గజపతి, కోరాపుట్ మూడూ అందులో ఉన్నాయి. వ్యవసాయ శాఖది డబ్బూ అజమాయిషీ. భువనేశ్వర్‌లోని నవకృష్ణ చౌధురి కేంద్రానిది సర్వేలూ లెక్కలూ. మన హైదరాబాద్‌లో పుట్టిన వాసన్ సంస్థది కార్యక్రమాన్ని నడిపించే సచివాలయం పని. ఊళ్లలో తిరగడం స్థానిక సంస్థలది, విత్తనమూ మిషన్లూ చూసుకోవడం రైతు సంఘాలది. తర్వాత మద్దతు ధరకి చోళ్లు, అదే రాగులు, కొనే పని గిరిజన సహకార సంస్థకి అప్పజెప్పారు. ఇందులో లోపాలు లేవని నేననను. కానీ ఎవరి పని ఏమిటో కాగితం మీద ఉంది, ఆ పనికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుందో ఉంది. నీ సభలో “అందరం సహకరిస్తాం” అన్నవాణ్ణి అక్కడే అడుగు: ఏ పని, ఏ పద్దు, ఎప్పటిలోగా?

డబ్బు సంగతి తెలియకుండా ఊళ్లోవాళ్లకి ఆశ పెట్టొద్దు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసిందే. దాంతో రోడ్డేస్తామని ఎవరైనా చప్పట్లు కొట్టించుకున్నారంటే నిబంధన చదవలేదన్నమాట. ఈ ఏడాది నిబంధన ఏమిటో సభకి ముందే పంచాయతీ కార్యనిర్వహణాధికారిని (పీఈఓ) అడిగి రాసుకో.

ఇక మాటల సంగతి. ఐరాస 2015లో ఒప్పుకున్న 17 లక్ష్యాలు, 169 గమ్యాలు నీకు కంఠతా వచ్చి ఉంటాయి. అందులో ఆరోది మంచినీళ్లూ పారిశుద్ధ్యమూ. సవర ఊళ్లో ఏ ముసలమ్మా “ఆరో లక్ష్యం” అనదు. చేతిపంపు నీళ్లతో వండితే అన్నం ఎర్రగా అవుతోందంటుంది. ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకో. ఇనుము పరీక్ష చేయించాలనీ, అది ఆరో లక్ష్యం కిందకి వస్తుందనీ పక్కన రాసుకునే పని నీది, ఆవిడది కాదు. ఈ లక్ష్యాల మీద మన దేశం ఐరాసకి ఇచ్చే నివేదికల్లోకి గానీ, రాష్ట్రాలు ఎంతవరకు వచ్చాయో చూపిస్తూ నీతి ఆయోగ్ 2018 నుంచి వేస్తున్న సూచీలోకి గానీ ఆవిడ మాట చేరాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఇలా రాసిపెట్టాలి. దుబాసీని ముందే మాట్లాడుకో. సవరకి వేరు, కోందుల కుయి భాషకి వేరు. ఒడియా అందరికీ వచ్చులే అనుకోకు, తెలుగు అసలే అనుకోకు.

తీర్మానాల పుస్తకం మీద ఒక కన్నేసి ఉంచు. ముందు సంతకాలూ వేలిముద్రలూ తీసుకుని, పైన ఖాళీ వదిలి, తర్వాత ఆఫీసులో తీరుబడిగా నింపుకునే అలవాటు ఉంది చూడూ, దాన్ని సాగనివ్వకు. తీర్మానం అక్కడే రాయించు, వాళ్ల భాషలో పైకి చదివించు, ఆ తర్వాతే సంతకం. చివరి గీత కింద జాగా మిగలకుండా అడ్డగీత కొట్టించు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక, నియమగిరి కొండ మీద బాక్సైటు గని తవ్వాలా వద్దా అని 12 ఊళ్ల గ్రామసభలు జరిగాయి. మన రాయగడలో ఏడు, కలహండిలో ఐదు. జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా కూర్చున్నారు. 12 ఊళ్లూ గని వద్దన్నాయి. ఆ కొండ మీద గని పడలేదు. నీకు జడ్జి ఎలాగూ రారు కాబట్టి పుస్తకమే గట్టిగా ఉండాలి.

వంశధార, నాగావళి మాట వస్తే మాత్రం తొందరపడి హామీ ఇవ్వకు. ఆ నీళ్లు కిందికి శ్రీకాకుళం వెళ్తాయి. ఒడిశాకీ ఆంధ్రకీ మధ్య వంశధార తగవు ట్రైబ్యునల్ దాకా వెళ్లి 2017లో తీర్పైంది. జిల్లా సభలో తేలే విషయం కాదు. అయినా వాళ్లన్నది రాసి పైకి పంపు.

సభయ్యాక రెండు వారాల్లోగా తీర్మానం నకలు పట్టుకుని ప్రతి ఊరికీ నువ్వే వెళ్లు. ఏది ఒప్పుకున్నారో, ఏది కొట్టేశారో, ఎందుకో చెప్పు. కొట్టేసిన సంగతి నీ నోటివెంట విన్నవాళ్లు మళ్లీ పిలిస్తే వస్తారు. సర్పంచి నోట వింటే రారు.

తేదీ వేసేముందు ఆ బ్లాకులో సంత ఏ రోజో కనుక్కో. చోళ్ల కోతలప్పుడు అసలే పెట్టకు, ఆడవాళ్లెవరూ రారు.

ఇట్లు,
మీ అత్త