న్యూజిలాండ్ వాళ్ళని ‘కివీలు’ అని ఎందుకంటారు? పండు పేరుతో పిలిస్తే కోపం రాదా?

పండు పేరు వాళ్ళకి పెట్టలేదండీ. వాళ్ళ పిట్ట పేరే పండుకి పెట్టారు. నేను ఆక్లాండ్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాను. వచ్చిన కొత్తలో నాదీ మీ డౌటే. ఒకసారి కూరగాయల కొట్లో కౌంటర్ దగ్గర అమ్మాయిని కేజీ కివీ కావాలని అడిగితే, మొహం సీరియస్‌గా పెట్టి ‘వాటిని మేం అమ్మం, జైల్లో వేస్తారు’ అంది. నా వెనకున్న పెద్దాయన నవ్వాపుకోలేక చేతిలో బుట్ట కింద పెట్టేశాడు. ఇక్కడ పండుని ‘కివీఫ్రూట్’ అనే అనాలి. ఉత్త కివీ అంటే పిట్ట, లేదా మనిషి.

అసలు ఆ మాట న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలది. ఆ పిట్ట అరుపుని బట్టి వచ్చిందని చెబుతారు. న్యూజిలాండ్‌లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. జూలో చీకటి గదిలో పెడతారు, ఎందుకంటే అది రాత్రిపూట తిరిగే పిట్ట. కళ్ళు అలవాటుపడ్డాక చూస్తే, పీచు కొబ్బరికాయకి కాళ్ళొచ్చి నడుస్తున్నట్టుంది! తోక లేదు, రెక్కలు ఉన్నా లేనట్టే. ముక్కురంధ్రాలు ముక్కు చివర ఉంటాయి, నేలలో పొడుస్తూ వాసన పట్టి పురుగుల్ని ఏరుకుంటుంది.

ఈ పిట్ట బొమ్మ ముందు న్యూజిలాండ్ సైనికుల బ్యాడ్జీల మీదికెక్కింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఆ దేశపు సైనికులనే కివీలనడం మొదలైంది. యుద్ధం అయిపోయి ఇంటికెళ్ళే ఓడల కోసం ఎదురుచూస్తూ, 1919లో ఇంగ్లండ్‌లోని బుల్ఫర్డ్ దగ్గర సుద్దకొండ మీద పెద్ద కివీని చెక్కారు వాళ్ళు. అది ఇప్పటికీ ఉంది. తర్వాత ఆ పేరు జనమందరికీ అంటుకుంది.

పండు సంగతి చాలా తర్వాతది. చైనా నుంచి 1904లో విత్తనాలొచ్చాయి, ‘చైనీస్ గూస్‌బెర్రీ’ అనేవారు (మన ఉసిరికీ దానికీ చుట్టరికమేం లేదు). అమెరికాకి ఎగుమతి చేసేటప్పుడు, 1959లో కివీఫ్రూట్ అని పేరు మార్చారు.

కోపమా? వాళ్ళని వాళ్ళే గర్వంగా అలా చెప్పుకుంటారు. అయితే మా ఆఫీసులో ఒక మావోరీ ఆవిడ మాత్రం ‘నేను ముందు మావోరీని, తర్వాతే కివీని’ అంటుంది. అందుకని మనిషిని బట్టి వాడండి.

ఇంకో సంగతి. కివీ బూట్ పాలిష్ గుర్తుందా? 1906లో మెల్‌బోర్న్‌లో దాన్ని తెచ్చినాయన భార్యది న్యూజిలాండే, అందుకే ఆ పేరు. చిన్నప్పుడు నాన్న బూట్లు తుడుస్తూ, మూత మీది ఆ పిట్టని నేను కోడిపిల్ల అనుకునేవాణ్ణి. ఆ డబ్బాలో ఇప్పుడు మా అమ్మ గుండుసూదులు పెట్టుకుంటోంది.