దూడ వెనక కాలి నరం తెగితే ఏ దారంతో కుట్టించాలి?

ప్రశ్న: మా అయిదు నెలల జెర్సీ పెయ్యదూడ పాక పక్కన ఉన్న ఇనుప రేకు మీద పడింది. వెనక కాలికి మడమ పైన లోతుగా తెగింది. నిలబడితే మడమ నేలకు ఆనుతోంది. మా డాక్టరు గారు చూసి నరం పూర్తిగా తెగిందని, తిరుపతికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించమని చెప్పారు. మా మరిదికి మడమ నరం తెగినప్పుడు కరగని దారంతో కుట్టారు. దూడకు కరిగే దారం మంచిదా, కరగనిదా? దారం లోపలే ఉండిపోతే చీము పడుతుందా?
– ఒక మహిళా పాడిరైతు, పాకాల మండలం

జవాబు: అమ్మా, ముందు దూడను బయలుదేరదీయండి. ఇలాంటి గాయంలో గంటలు గడిచేకొద్దీ లోపల మురికి ముదురుతుంది, తెగిన పై కొస కండతో పాటు పైకి లాక్కుపోతుంది. గాయాన్ని శుభ్రమైన నీటితో బాగా కడిగి, దూది పరిచి, వెదురు బద్దలతో కాలు వంగకుండా కట్టండి. పసుపు, బూడిద, కిరోసిన్ ఏవీ పెట్టకండి. బండి దొరక్కపోతే పశువుల అంబులెన్స్ కోసం 1962కు ఫోన్ చేయండి.

మనం నరం అంటున్నాం గానీ తెగింది స్పర్శ తెలిపే నరం కాదు. పిక్క కండను మడమ ఎముకకు బిగించే తాడు లాంటిది. మనుషుల్లో దాన్ని అకిలిస్ టెండన్ అంటారు. దానికి రక్తం తక్కువగా అందుతుంది, అందుకే చాలా నిదానంగా మానుతుంది. చర్మం రెండు వారాల్లో అతుక్కుంటే, ఈ తాడుకు ఆరు వారాలకు కూడా సుమారు సగం బలమే వస్తుంది. ఏడాది గడిచినా పూర్తి బలం రాదు. కాబట్టి కరుగుతుందా, కరగదా అన్నది కాదు, ఆరు వారాలు పట్టు నిలుస్తుందా అన్నదే చూడాలి.

పేగుల నుంచి తయారయ్యే క్యాట్‌గట్ ఈ పనికి వద్దు. నిదానంగా కరిగేలా చేసిన క్రోమిక్ రకమైనా రెండు మూడు వారాల్లో పట్టు వదిలేస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కోడెదూడకు చేతిలో ఉన్న క్యాట్‌గట్‌తోనే కుట్టాను. కట్టు విప్పాక మడమ మళ్లీ దిగిపోయింది. తెరిచి చూస్తే దారం మెత్తబడి తెగిపోయి ఉంది, రెండు కొసల మధ్య వేలెడు సందు. ఆ తర్వాత ఈ పనికి క్యాట్‌గట్ ముట్టలేదు. విక్రిల్ అనే కరిగే దారం దానికంటే మేలైనదే, కానీ మూడు వారాలకు దాని బలం కూడా సగానికి పడిపోతుంది.

పట్టుదారానికి ముడి చక్కగా నిలుస్తుంది. అయితే అది అల్లిక దారం. అల్లిక సందుల్లో సూక్ష్మజీవులు చేరితే అక్కడిదాకా మందు సరిగా అందదు. మనుషులకు అల్లిన పాలిస్టర్ దారం బాగా వాడతారు. ఎందుకంటే వాళ్లలో చాలామందికి చర్మం తెగకుండా లోపలే తెగుతుంది. మీ దూడ గాయానికి పేడ, మట్టి తగిలాయి, కాబట్టి ఒంటి పోగు దారమే కావాలి.

నా మొదటి ఎంపిక పీడీఎస్ అనే కరిగే ఒంటి పోగు దారం. నాలుగు నుంచి ఆరు వారాల దాకా సగం బలమైనా నిలుపుకుంటుంది, సుమారు ఆరు నెలల్లో కరిగిపోతుంది. ధర కాస్త ఎక్కువ. అది దొరక్కపోతే ప్రోలీన్ అనే కరగని ఒంటి పోగు దారం, అదీ లేకపోతే నైలాన్. ఇవి లోపల ఉండిపోయినా ఒళ్లు సహిస్తుంది. చీము పట్టేది చాలావరకు గాయంలో మిగిలిన మురికి వల్లే. నైలాన్ బిరుసుగా ఉంటుంది, ముడి జారుతుంది, అందుకే నాలుగైదు మెలికలు వేస్తాం. చేపల వల నైలాన్ మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

మందుల షాపులో దారం కొనమంటే నంబరు జాగ్రత్తగా చూసుకోండి. 2 నంబరు వేరు, 2-0 వేరు. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. మీ దూడకు 1 గానీ 2 గానీ సరిపోతుంది. పైన చర్మానికి వేరే సన్న దారం వాడతారు.

ఎంత మంచి దారమైనా కుట్టే తీరు కూడా చూడాలి. టెండన్ పీచు నిలువుగా ఉంటుంది. నేరుగా కుట్టి లాగితే దారం పీచుల మధ్య నుంచి జారి వచ్చేస్తుంది. అందుకే బావి గిలక మీద తాడు తిప్పినట్టు, మూడు చుట్లు మూడు వేర్వేరు దిక్కుల్లో వేసి కొసలను దగ్గరికి లాగుతాం. వాటి మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటితే అతుకు బలహీనమవుతుంది.

ఇంత చేసినా దూడ బరువును ఆ కుట్లు ఒక్కటే మోయలేవు. మడమ కీలు వంగకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలు సిమెంటు కట్టు గానీ ఫైబర్ కట్టు గానీ ఉండాలి. గాయం కడగడానికి కట్టులో చిన్న కిటికీ వదులుతారు. ఆ కట్టు తడిసినా, వాసన వచ్చినా, దూడ ఉన్నట్టుండి కాలు మోపడం మానేసినా వెంటనే చూపించండి. ధనుర్వాతం టీకా వేశారో లేదో అడగండి.

పెద్ద ఆవుకు ఇదే జరిగితే నేనింత ధైర్యం చెప్పేవాడిని కాదు, ఆ బరువుకు కుట్లు నిలవడం చాలా కష్టం. మీ దూడది లేత వయసు, ఒంటి బరువు తక్కువ. ఆశ పెట్టుకోవచ్చు. కట్టు విప్పిన రోజే మేతకు వదలకండి. ఇంకో నెల జారని మట్టినేల మీద కట్టేసి ఉంచి, రోజూ కాసేపు చేత్తో పట్టుకుని నడిపించండి.