వెబ్ అప్లికేషన్‌కి ఎస్‌క్యూలైట్ సరిపోతుందా?

సరిపోతుంది, డేటాబేస్ ఫైలూ దాన్ని తెరిచే ప్రోగ్రామూ ఒకే సర్వర్‌లో ఉన్నంతవరకు. ఎస్‌క్యూలైట్ అంటే డేటానంతా ఒక ఫైల్లో దాచే డేటాబేస్, దానికి విడిగా సర్వర్ ఉండదు. మీ ప్రోగ్రామే నేరుగా ఫైల్లో రాస్తుంది. చదివేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు, ఒక సమయంలో రాసేది మాత్రం ఒక్కరే.

విశాఖ ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ హాజరు సైట్ అనుకోండి. పొద్దున 9కి 300 మంది ఒక్కసారే హాజరు వేసినా, ఒక్కో రాతకి పట్టేది కొన్ని మిల్లీసెకన్లే కాబట్టి వరసగా అయిపోతాయి. అందుకు జర్నల్ మోడ్‌ని వాల్‌కి (WAL, కొత్త రాతల్ని ముందు పక్కన వేరే ఫైల్లో రాసుకునే పద్ధతి) మార్చి, ప్రతి కనెక్షన్‌లోనూ బిజీ టైమౌట్ (వేరొకరి రాత అయ్యేదాకా ఎదురుచూసే సమయం) 5000 మిల్లీసెకన్లు పెట్టాలి. ఎస్‌క్యూలైట్ సొంత డిఫాల్ట్ సున్నా. అలాగే వదిలేస్తే రెండో రాత ఎదురుచూడకుండా 'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అని తిరిగొస్తుంది.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, గాజువాక బ్రాంచికీ కావాలని ఫైల్‌ని నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టి రెండు సర్వర్ల నుంచి తెరుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వాల్‌కి ఒకే మెషీన్‌లోని షేర్డ్ మెమరీ కావాలి. ఒకేసారి ఇద్దరు రాయకుండా ఆపే లాకుల్ని నెట్‌వర్క్ డ్రైవ్‌లో నమ్మలేం, ఫైలే పాడైపోవచ్చు. గాజువాక వాళ్లు బ్రౌజర్‌లో అదే సైట్ తెరిస్తే చాలు. రెండో సర్వర్ నిజంగా అవసరమైతే విడిగా సర్వర్ ఉండే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మారండి.

బ్యాకప్‌కి అసలు ఫైలొక్కటే కాపీ చేస్తే పక్కనున్న వాల్ ఫైల్లోని తాజా రాతలు పోతాయి; బ్యాకప్ కమాండే వాడండి.