మామయ్య పాత గోల్ఫ్, అమ్మాయి కొత్త లైసెన్సు

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. డ్రైవింగ్ లైసెన్సు వచ్చి రెండు నెలలైంది. మా బావగారు ఎంతో అపురూపంగా చూసుకుంటున్న 1981 నాటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌ను మేనకోడలికి కానుకగా ఇస్తానంటున్నారు. రోజూ కాలేజీకి అందులోనే వెళ్తానని అమ్మాయి ఉబలాటపడుతోంది. పాత కార్ల రేకు గట్టిదనీ, వేగం తక్కువ కాబట్టి కొత్తవాళ్లకు అవే క్షేమమనీ, అన్నీ యంత్రమే చేసిపెట్టే ఇప్పటి కార్లలో డ్రైవింగ్ అబ్బదనీ బావగారి వాదన. అన్నగారి మాట కాదనలేక మా ఆవిడ లోలోపల భయపడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: రోజూ కాలేజీకి వెళ్లిరావడానికి, అందులోనూ లైసెన్సు వచ్చిన తొలి ఏడాదిలో, ఆ కారు వద్దనే నా సలహా. కానుకను కాదనమని చెప్పడం లేదు. దాన్ని అమ్మాయి చేతికి పూర్తిగా అప్పగించే సమయం ఇంకా రాలేదని మాత్రమే అంటున్నాను.

పాత రేకు గట్టిదన్న నమ్మకం చాలామందిలో ఉంది. అయితే కారు ఢీకొన్నప్పుడు మనిషిని కాపాడేది రేకు మందం కాదు. ముందుభాగం క్రమంగా నలుగుతూ దెబ్బ తాలూకు శక్తిని మింగాలి, మనుషులు కూర్చున్న భాగం మాత్రం నలగకుండా నిలబడాలి. తొలితరం గోల్ఫ్ 1974లో వచ్చింది. ఇటలీ రూపశిల్పి జార్జెట్టో జుజారో గీసిన ఆ పదునైన గీతలు ఇప్పటికీ కంటికి ఇంపుగానే ఉంటాయి (మీ అమ్మాయి అభిరుచిని తప్పుపట్టలేం). కానీ ఆ కారు బరువు సుమారు 800 కిలోలే, ఈనాటి గోల్ఫ్ 1,300 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. తేలిక కారు, బరువు కారు ఎదురెదురుగా ఢీకొంటే తేలికదాని వేగమే ఎక్కువగా, హఠాత్తుగా మారుతుంది; ఆ మార్పును భరించవలసింది లోపలివాళ్ల శరీరాలే. ఆ తరం కార్లు ఢీకొంటే ఏమవుతుందో తెలిపే ఉదాహరణ ఒకటుంది. 1980లో ఆస్టిన్ మెట్రోగా పుట్టి, తర్వాత రోవర్ 100 పేరుతో అమ్ముడైన బ్రిటిష్ హ్యాచ్‌బ్యాక్‌ను, కార్లను ఢీకొట్టించి భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 1997లో పరీక్షించినప్పుడు, పెద్దవాళ్ల రక్షణ విషయంలో దానికి ఒకే ఒక్క నక్షత్రం దక్కింది. ఆ తర్వాత దాని తయారీ ఎక్కువ కాలం సాగలేదు.

ఇక వేగం. చిన్న ఇంజిన్ గోల్ఫ్ నిజంగానే నిదానమైన బండి; అదే ఎక్కువ శక్తిగల జీటీఐ రకమైతే 110 హార్స్‌పవర్‌తో, అంత తక్కువ బరువుతో, కొత్తవాళ్లు దాని దరిదాపులకు పోకూడని బండి. మీ బావగారిది ఏదో ముందు కనుక్కోండి. చిన్న ఇంజినే అనుకున్నా, గంటకు 80 కిలోమీటర్లు అది సునాయాసంగా అందుకుంటుంది. వేగం 60 నుంచి 80కి పెరిగితే పెరుగుదల మూడోవంతే అనిపిస్తుంది గానీ, ఢీకొట్టే శక్తి మాత్రం దాదాపు 78 శాతం పెరుగుతుంది. పైగా ముందున్న లారీని దాటడానికి నిదానమైన కారుకు ఎక్కువసేపు పడుతుంది, అంటే ఎదురు వరుసలో ఉండే సమయమూ పెరుగుతుంది. ఆ దూరాన్ని సరిగా అంచనా వేయడమే కొత్తవాళ్లకు చివరగా అబ్బే విద్య.

అసలు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బ్రేకులూ, అదుపూ. కంగారులో ఎవరైనా పెడల్‌ను ఒక్కసారిగా అదిమేస్తారు. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఏర్పాటు లేని కారులో అప్పుడు చక్రాలు బిగుసుకుపోతాయి, బిగుసుకున్న ముందు చక్రాలు ఎటు తిప్పినా కారు తిన్నగానే జారుతుంది. పెడల్‌ను కాస్త వదిలి చక్రాలను మళ్లీ తిరగనివ్వాలని పుస్తకంలో చదివితే చాలదు, కాలికి అలవాటు కావాలి. మలుపులో కారు అదుపు తప్పబోతే ఏ చక్రానికి ఎంత బ్రేకు వేయాలో తానే తేల్చుకునే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ 1995లో గాని రోడ్డెక్కలేదు. యూరోపియన్ యూనియన్‌లో 2014 నుంచి ప్రతి కొత్త కారులోనూ అది తప్పనిసరి. కొత్తగా నడిపే యువత కోసం కారు ఎంచుకునేటప్పుడు ఆ సదుపాయం ఉండి తీరాలనీ, మరీ చిన్న కార్లూ, మరీ శక్తిమంతమైన కార్లూ వద్దనీ అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ సలహా ఇస్తోంది. మీ గోల్ఫ్‌లో అది లేదు, ఎయిర్‌బ్యాగులూ లేవు. స్టీరింగ్ ఏ వైపుందో మీరు రాయలేదు. కుడివైపు ఉంటే ఇంకో ఇబ్బంది ఉంది. ఆ తరం గోల్ఫ్‌లలో కాలి ఒత్తిడికి బలం చేర్చే బ్రేక్ సర్వో ఎడమవైపే ఉండిపోగా, కుడివైపు పెడల్ నుంచి దాని దాకా అడ్డంగా ఒక కడ్డీ అమర్చారు. అందువల్ల పెడల్ మెత్తగా, కాలికి సరైన అంచనా అందని విధంగా ఉంటుందని వాటిని నడిపినవాళ్లందరికీ తెలుసు.

ఇంత చెప్పినా, డ్రైవింగ్ నేర్పడం విషయంలో మీ బావగారి మాటను నేను కొట్టిపారేయను. పైకప్పును మోసే సన్నని స్తంభాలూ, పెద్ద కిటికీ అద్దాలూ ఉన్న ఆ కారులో నాలుగు మూలలూ కంటికి ఆనతాయి. ఇంజిన్ శబ్దాన్ని బట్టి గేరు మార్చడం, మలుపుకు ముందే వేగం తగ్గించడం, ముందు బండికి దూరం పాటించడం ఆ కారు చెప్పకనే చెబుతుంది. కాబట్టి రోజువారీ ప్రయాణానికి ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్, ఎయిర్‌బ్యాగులు ఉన్న సాదాసీదా హ్యాచ్‌బ్యాక్‌ను, కొత్తదే కానక్కర్లేదు, సమకూర్చండి. సెలవు రోజుల్లో, పగటిపూట, వాన లేనప్పుడు, మామయ్య పక్క సీట్లో కూర్చుని గోల్ఫ్‌ను నడిపించనివ్వండి. అడ్డంకులేవీ లేని ఖాళీ మైదానంలో గట్టిగా బ్రేకు వేసి వదలడం పదే పదే సాధన చేయించమనండి. వెనుక సీట్లో స్నేహితులను ఎక్కించుకోవడం మాత్రం ఒప్పుకోవద్దు. వెనుకవైపు తల ఆన్చుకునే దిండ్లు, మూడు చోట్ల బిగించే బెల్టులు ఉన్నాయో లేవో చూస్తే ఎందుకు చెబుతున్నానో మీకే అర్థమవుతుంది.

ఆ కొద్దిపాటి షికారుకైనా ముందు కొన్ని చూడాలి. టైర్ల మీది గీతలు లోతుగా ఉన్నంత మాత్రాన అవి మంచివని కాదు. పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2712 అని ఉంటే 2012లో 27వ వారంలో తయారైనట్టు, మార్చేయవలసినట్టు. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారైనా మార్చాలి. కింది తివాచీ ఎత్తించి, సీటు బెల్టులు బిగించిన చోట తుప్పు ఉందేమో వెతికించండి. పుచ్చిన రేకును పట్టుకుని వేలాడే బెల్టు ఆపదలో ఎవరినీ ఆపదు. క్లాసిక్ కార్లకిచ్చే బీమాలో డ్రైవరు వయసు మీదా, ఏడాదికి తిరిగే దూరం మీదా, రోజువారీ ప్రయాణాల మీదా షరతులు ఉండడం మామూలే కనుక, తాళంచెవి అమ్మాయికి ఇవ్వకముందే ఆ కాగితాలు చదవండి.

ప్రశ్న: కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఇంట్లో ఉన్నది చేత్తో లాగే చోక్ ఉన్న పాత రెనో 5. ఉదయం బయల్దేరాక మొదటి కూడలిలో ఆగగానే ఇంజిన్ ఆగిపోతోంది. నాకు క్లచ్ వదలడం రాకే అలా అవుతోందని మా అన్నయ్య అంటాడు. తప్పు నాదేనా?

జవాబు: క్లచ్ పూర్తిగా తొక్కి ఆగి ఉన్నప్పుడే ఇంజిన్ ఆగిపోతుంటే తప్పు మీ కాలిది కాదు, బండి కదలబోయే క్షణంలో ఆగిపోతే అన్నయ్య మాటలో నిజం ఉండవచ్చు. చల్లగా ఉన్న ఇంజిన్‌కు, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ నుంచి పెట్రోలు పాలు ఎక్కువ కావాలి, చోక్ పని అదే. దాన్ని తొందరపడి లోపలికి నెట్టేస్తే ఇంజిన్ నిలకడగా తిరగలేదు. వేడెక్కేకొద్దీ కొంచెం కొంచెంగా నెట్టి చూడండి. బాగా వేడెక్కాక కూడా ఆగిపోతుంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రంలో (జెట్) మురికి చేరిందేమో, ఏ రబ్బరు గొట్టమైనా పగిలి గాలి పీలుస్తోందేమో కార్బురేటర్ తెలిసిన మెకానిక్‌కు చూపించాలి. దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. బ్రేక్ సర్వో ఇంజిన్ పీల్చే గాలి బలం మీద పనిచేస్తుంది. ఇంజిన్ ఆగిపోయాక రెండు మూడు సార్లు తొక్కేసరికి ఆ బలం అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది. ఇంటి దగ్గర ఇంజిన్ ఆపి, పెడల్‌ను నాలుగుసార్లు తొక్కి ఆ తేడా ఎలా ఉంటుందో ఒకసారి కాలికి తెలియనివ్వండి. మరమ్మతు అయ్యేదాకా పల్లపు రోడ్లకు, రద్దీ కూడళ్లకు ఆ కారు తీసుకెళ్లకండి.