పాఠం మళ్లీ మొదటికే వస్తోందా?

ప్రశ్న: పీణ్యాలోని మా కర్మాగారంలో అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లకు మూడిల్ అనే ఆన్‌లైన్ శిక్షణ సాఫ్ట్‌వేర్‌లో 40 నిమిషాల భద్రతా పాఠం పెట్టాం. మధ్యలో ఆపి తెరిస్తే మొదటికొస్తోంది. పరీక్ష పాసైనవారికీ ‘పూర్తికాలేదు’ అనే చూపిస్తోంది. ఏం చేయాలండీ?
– శిక్షణ విభాగం ఉద్యోగి, బెంగళూరు

జవాబు: మీ పాఠం స్కార్మ్ 1.2 (ఆన్‌లైన్ పాఠాలను తయారుచేసే ఒక ప్రమాణం) ప్యాకేజీ అయితే ముందు దాని పొడవును అనుమానించండి. ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకోవడానికి అందులో 4,096 అక్షరాల చోటే ఉంటుంది. స్లైడ్లు, ప్రశ్నలు పెరిగేకొద్దీ అది నిండిపోతుంది, ఆ తర్వాతిది నిలవదు. ఆరేడు నిమిషాల ముక్కలుగా కోసి, ఒక్కోదాన్ని విడి ప్యాకేజీగా ఎక్కించండి. షిఫ్టు మధ్య టీ విరామంలో ఒకటి ముగించేయొచ్చు, కార్మికుడికీ అదే సుఖం.

రెండోది సెట్టింగు తేడా. ప్యాకేజీ ‘పాస్డ్’ అని పంపుతుంటే, మీరు ‘కంప్లీటెడ్’కే టిక్కు పెట్టి ఉంటారు. మూడిల్‌లో ఆ పాఠానికి ఉండే ‘యాక్టివిటీ కంప్లీషన్’ సెట్టింగులో రెండింటికీ పెట్టండి, ఏ ఒక్కటి వచ్చినా చాలు.

పాఠంలోని ‘ఎగ్జిట్’ బటన్ నొక్కే బయటికి రమ్మనండి. ఫోన్‌లో బ్రౌజర్‌ను పక్కకు తోసేస్తే చివరి ఫలితం సర్వర్‌కు చేరకపోవచ్చు. ఆ బటన్‌పై తెలుగులో ‘ముగించు’ అని రాయించండి. అందరికీ ఇచ్చే ముందు మామూలు ఫోన్‌లో, కార్మికుడి లాగిన్‌తో, మీరే సగంలో ఆపి చూడండి.