పెడల్ కొనే ముందు వైరు పీకి చూడు అల్లుడూ

అల్లుడూ,

నిన్న రాత్రి పదకొండున్నరకి నువ్వు పంపిన వీడియో పొద్దున్నే కాఫీ తాగుతూ చూశాను. నీ ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ పెడల్ మీద కాలు పూర్తిగా తొక్కే ఉంది, హై-హ్యాట్, అంటే పెడల్‌తో తెరిచి మూసే తాళాల జత, మాత్రం చిస్స్‌మని తెరిచిన మోతే మోగుతోంది, నువ్వేమో ఇంకా గట్టిగా తొక్కుతున్నావు. ఆగరా. గట్టిగా తొక్కితే పోయే జబ్బు కాదది. కింద "కొత్త పెడల్ ఆర్డర్ పెట్టేయనా మామయ్యా" అని రాశావు చూడు, దాని కోసమే ఇంత పొడుగు ఉత్తరం. ఇప్పుడే పెట్టకు.

ఆ తొందర నేనూ పడ్డాను. ఆర్కెస్ట్రాలో వాయించే రోజుల్లో సికింద్రాబాద్‌లో ఒక రిసెప్షన్‌కి ముందురోజు సరిగ్గా ఇదే గొడవ. టెన్షన్‌లో పరుగెత్తి కొత్త పెడల్ తెచ్చాను, తగిలిస్తే అదీ అలాగే మోగింది. తీరా చూస్తే రిహార్సల్‌లో ఎవరో గిటారు వైరు తెచ్చి దీనికి పెట్టారు. గిటారు వైరు మోనో, అంటే లోపల రెండే దారులు, ఆ పెడల్‌కి కావలసింది మూడు దారుల స్టీరియో. పాతదానికి ఏ రోగమూ లేదు. ఆ కొత్త పెడల్ ఇప్పటికీ అటక మీదే ఉంది, పండక్కి అటక దులిపినప్పుడల్లా మీ అత్తయ్య ఒక మాట అంటుంది, నేను వినను.

ముందు ఒక సంగతి తెలుసుకో. మామూలు డ్రమ్స్‌లో పెడల్ తొక్కితే రెండు తాళాలు ఆనుకుంటాయి, తేడా వస్తే కంటికే కనిపిస్తుంది. నీ కిట్‌లో కొట్టే ప్యాడ్ వేరు, తొక్కే పెడల్ వేరు, రెండింటికీ రెండు వైర్లు. దెబ్బ పడిందని, ఎంత గట్టిగా పడిందని ప్యాడ్ చెబుతుంది. తెరిచి ఉందా, మూసి ఉందా, సగంలో ఉందా అన్నది పెడల్ చెప్పాలి. ఆ రెండూ కలుపుకుని ఏ మోత వినిపించాలో మాడ్యూల్, అంటే శబ్దాలు పుట్టించే ఆ పెట్టె, తేల్చుకుంటుంది. మోత వస్తోంది కాబట్టి నీ ప్యాడ్ బాగానే ఉంది, దాని జోలికి పోకు.

ఇక పని మొదలుపెట్టు. మొదట కిట్ మార్చి చూడు, అంటే మాడ్యూల్‌లో వేరే డ్రమ్ కిట్ నంబరు పెట్టు. పిల్లలు నొక్కి నొక్కి ఆ ప్యాడ్‌కి వేరే తాళం శబ్దం పెట్టేసి ఉంటే పెడల్ ఎంత తొక్కినా అది మూసుకోదు. అన్ని కిట్లలోనూ అలాగే ఉంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్యాడ్ రకం, పెడల్ సెన్సిటివిటీ చూడు. ఫ్యాక్టరీ రీసెట్ చేసేముందు నువ్వు తయారు చేసుకున్న కిట్లు సేవ్ చేసుకో, తరువాత ఏడవొద్దు.

అక్కడా ఏమీ లేకపోతే పెడల్ వైరు పూర్తిగా పీకేసి ప్యాడ్ కొట్టు. చాలా మాడ్యూల్స్‌లో పెడల్ లేకపోతే హై-హ్యాట్ తెరిచి ఉన్నట్టే మోగుతుంది. నీది పెట్టినా తెరిచిందే, పీకినా తెరిచిందే అయితే అర్థం ఏమిటి? పెడల్ అక్కడ ఉందనే సంగతే మాడ్యూల్‌కి అందడం లేదు. ఎక్కడో తెగింది. దీనికి ఉల్టా జబ్బు కూడా ఉంటుంది, ఎప్పుడూ మూసే ఉంటుంది, వైరు పీకగానే తెరుచుకుంటుంది. అప్పుడు మాడ్యూల్ మంచిదే, పెడల్‌లోనో వైరులోనో రెండు కొసలు అంటుకున్నట్టు. ఈ ఒక్క పరీక్షకి పది సెకన్లు పడుతుంది, నేను ఆ రోజు చేసి ఉంటే డబ్బులు మిగిలేవి.

ఇప్పుడు వైరు. ప్లగ్గు కొస చూడు, నల్ల గీతలు రెండుంటే స్టీరియో, ఒకటే ఉంటే మోనో. ఉత్త స్విచ్ లాంటి చవక పెడల్స్‌కి మోనో చాలు కానీ చాలావాటికి స్టీరియో కావాలి. నీ కిట్‌కి వైర్లన్నీ ఒకే గుత్తిగా వచ్చి మాడ్యూల్ వెనక 25 పిన్నుల ప్లగ్గులో దిగుతాయని గుర్తు. పవర్ ఆపి దాని స్క్రూలు వదులు చేసి బయటికి తీసి పిన్ను ఏదైనా వంగిందేమో చూసి మళ్లీ పెట్టు. ఒక్కోసారి ఇంతటితోనే అయిపోతుంది. ఆ గుత్తిలో ముందు పోయేది పెడల్ వైరే, ఎందుకంటే అది నేల మీద ఉంటుంది, స్టూలు కాలు దాని మీదకే ఎక్కుతుంది, ఇల్లు తుడిచే చీపురు దానికే తగులుతుంది. ప్లగ్గు దగ్గర పట్టుకుని అటూ ఇటూ వంచుతూ ప్యాడ్ కొట్టు, మధ్యలో ఒక్కసారి మూసిన మోత వినిపించినా దొంగ దొరికినట్టే.

వైరు బాగుందనుకో, అప్పుడు మీటరు. నీ దగ్గర అంకెలు చూపించే మల్టీమీటరు ఉంది, పనికొస్తుంది, కానీ నాకు నా పాత ముల్లు మీటరే ఇష్టం, ఎందుకో చెబుతా. పెడల్‌కి మంచి స్టీరియో వైరు ఒకటి పెట్టి రెండో కొస గాలిలో వదిలెయ్. మీటరు ఓమ్స్‌లో 20కె, అంటే ఇరవై వేల దగ్గర పెట్టి ప్లగ్గు మీద మూడు భాగాలుంటాయి కదా, కొస, మధ్య రింగు, మొదలు, వాటిలో రెండేసి పట్టుకుంటూ పెడల్‌ని చేత్తో మెల్లగా నొక్కు. ఏదో ఒక జతలో లెక్క కదులుతుంది, అంకె రాకపోతే రేంజి పెంచి చూడు. ముల్లు నెమ్మదిగా, వీణ తంతి మీద వేలు జారినట్టు పోతే పెడల్ బాగున్నట్టే. మధ్యలో ఎగిరి దూకితే లోపల మురికి, లేదా అరిగింది. అసలు కదలకపోతే తెగింది. అంకెల మీటరులో ఆ దూకుడు పట్టుకోవడం కష్టం, అంకె మారేలోపే అయిపోతుంది. ఒక మాట, కొన్ని పెడల్స్‌లో లైటుతోనో అయస్కాంతంతోనో పని చేసే సెన్సర్లు ఉంటాయి, వాటికి ఈ మీటరు లెక్క వర్తించదు, చూసి పోయిందని తీర్పు ఇచ్చేయకు.

మీటరుతో కుదరకపోతే యూఎస్‌బీ వైరుతో మాడ్యూల్‌ని లాప్‌టాప్‌కి కలుపు. మిడీలో, అంటే వాయిద్యాలు కంప్యూటర్‌తో మాట్లాడే భాషలో, పెడల్ కదలికని ఎక్కువ కిట్లు కంట్రోలర్ 4 అనే నంబరు మీద 0 నుంచి 127 దాకా అంకెలుగా పంపుతాయి. తొక్కుతుంటే ఆ అంకె కదలాలి. 1991లో వచ్చిన జనరల్ మిడీ లెక్కలో, అంటే ఏ మోతకి ఏ నంబరో చెప్పే పట్టికలో, మూసిన హై-హ్యాట్ 42, కాలితో కొట్టింది 44, తెరిచింది 46. నువ్వు తొక్కి కొట్టినా 46 మాత్రమే వస్తోందంటే ఇంతసేపూ మనం మాట్లాడుకున్నదే.

సరే, పెడల్ విప్పాల్సి వచ్చిందనుకో. భయపడకు, గడియారం కాదది. స్టీలు గిన్నె పక్కన పెట్టుకో, స్క్రూలు అందులో. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫోటో తీయి, ముఖ్యంగా స్ప్రింగ్ ఏ వైపుంది అన్నది, అది ఎగిరి మంచం కిందికి పోతుంది, నాకు తెలుసు. చాలా పెడల్స్‌లో కాలు పెట్టే పలక అడుగున ఒక రబ్బరు బుడిపె ఉంటుంది, దాని కింద సన్నటి షీటు, మీద నల్లగా కార్బన్ పూత. రబ్బరు ఎంత గట్టిగా అదిమితే షీటు మీద అంత ఎక్కువ మేర ఆనుతుంది, లెక్క మారుతుంది. మొత్తం కిటుకు అంతే.

నీకు అక్కడ ఏం కనిపిస్తుందో ముందే చెబుతాను: దుమ్ము, వెంట్రుకలు, ఎండిపోయిన ఫినాయిల్ మరక, బహుశా రెండు చచ్చిన చీమలు. పని మనిషి తడి గుడ్డతో తుడిచినప్పుడు ఆ నీళ్లు అంచుల్లోంచి లోపలికి పోతాయి, మన వానాకాలం తేమ దానికి తోడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిపుల్లకి అద్దుకుని కార్బన్ మీద మెల్లగా తుడువు, రుద్దకు, రబ్బరు కొస కూడా తుడిచి పది నిమిషాలు ఆరనివ్వు. నెయిల్ పాలిష్ తుడిచే మందు వాడకు, ప్లాస్టిక్ కరుగుతుంది. ఇసుక కాగితంతో గీకావంటే కార్బన్ పోతుంది, దానితో పెడల్ కూడా. కిర్రుమంటోందని కొబ్బరి నూనె మాత్రం పోయకు, మన ఇళ్లలో తలుపు నుంచి తలకాయ దాకా అన్నిటికీ అదే మందు. కీలు దగ్గర కాస్త సిలికాన్ గ్రీజు చాలు, అదీ షీటుకి తగలకుండా.

విప్పినప్పుడే ప్లగ్గు దిగే జాకు కూడా చూడు. లోపల వైర్లు జాకుకి టంకం వేసిన చోట సన్నటి బీట ఉంటే అక్కడే తెగుతూ కలుస్తూ ఉంటుంది. మళ్లీ టంకం పెడితే సరి. జాకే వదులైతే 6.35 ఎంఎం స్టీరియో జాకు కోఠి గుజరాతీ గల్లీలో అడుగు, పాత జాకు చేతిలో పట్టుకుని వెళ్లు, నోటితో చెబితే వేరేది ఇస్తారు. అక్కడికి బండి మీద వెళ్లకు, పెట్టడానికి చోటుండదు, మెట్రోలో పో.

రబ్బరు నున్నగా అరిగిపోయినా, షీటు మీద నలుపు లేచిపోయినా అప్పుడు డబ్బులు ఖర్చు పెట్టు. అప్పుడు కూడా ముందు స్పేర్ రబ్బరు, షీటు దొరుకుతాయేమో మీ కిట్ కంపెనీ వాళ్లనే అడుగు. కొత్త పెడల్ తప్పదంటే నీ మాడ్యూల్‌కి సరిపోతుందని మాన్యువల్‌లో ఉన్నదే తీసుకో. ప్లగ్గు దిగింది కదా అని వేరే కంపెనీది పెడితే కొన్నిసార్లు సగం తెరిచిన మోత రాదు, కొన్నిసార్లు తొక్కితే తెరుచుకుని వదిలితే మూసుకుంటుంది, ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది.

నువ్వు శనివారం లోపు వైరు పరీక్ష, కిట్ మార్చడం రెండూ చేసి ఏమైందో మెసేజ్ పెట్టు. పెడల్ మాత్రం నేను వచ్చేదాకా విప్పకు, ఆదివారం పొద్దున్న నేనే కూకట్‌పల్లి వస్తాను, ముల్లు మీటరూ టంకం కర్రా తెస్తాను. అటక మీది పెడల్ కూడా సంచీలో వేసుకుంటున్నాను, నీ దాని పక్కన పెట్టి ముల్లు ఎలా కదులుతుందో పోల్చి చూడొచ్చు. మీ అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.

మీ మామయ్య